దరువు ఆగిన చోట

కిందటివారం మన సీరియల్లో రేడియో డీజే సూదిని కేకు ముందు నిలబెట్టి వచ్చేశాను. చేతిలో ప్లాస్టిక్ చాకు, చుట్టూ చప్పట్లు, పక్కన ముప్ఫై రెండు పళ్లూ బయటపెట్టి నవ్వుతున్న స్టేషన్ మేనేజరు. నెల తిరక్కుండా మూసేస్తామన్న ఆమె సాయంత్రం ర్యాప్ షో మళ్లీ ఊళ్లో మొదటి స్థానానికి ఎక్కింది. ఎక్కించింది ఒకే ఒక్క పాట. ఆ పాట కట్టి పాడినవాడు ఇంటింటికీ గ్యాస్ బండలు మోసి బతికేవాడు. గొంతును బట్టి అందరూ వాణ్ణి బొంగురు అనేవాళ్లు. పాట రేడియోలో మొదటిసారి వచ్చిన మర్నాడే వానలో లారీ కింద పడి పోయాడు. మనిషి పోయాక పాటకి కాళ్లొచ్చాయి. టీ కొట్లలో, ఆటోల్లో, క్షౌరశాలల్లో, ఎక్కడ చూసినా అదే. సూది చాకు కేకుకి ఆనించబోతుంటే రిసెప్షన్ నుంచి కబురొచ్చింది: ఎవరో బస్సు డ్రైవరు వచ్చాడు, బొంగురు తండ్రినంటున్నాడు, సూదితో మాట్లాడందే కదలనంటున్నాడు.

"ఆవిణ్ణి ఒక్క వారమైనా సుఖంగా ఉండనివ్వరా?" అని ఒక పాఠకురాలు నన్ను కడిగేసింది. నేనేం చెయ్యను తల్లీ, కేకు తెప్పించడం వరకే నా చేతిలో ఉంది.

కొత్తగా వచ్చినవాళ్లకి సూది గురించి రెండు ముక్కలు. ఫంక్షన్ హాళ్లలో రికార్డు మీద సూది దించుతూ మొదలైన మనిషి. ఇప్పుడు ఆ రికార్డులూ లేవు, ఆ సూదులూ లేవు, పేరొక్కటే మిగిలింది. నలభై దాటింది. నోరు పేరుకి తగ్గట్టే ఉంటుంది. ఊళ్లో ఎవడు కొత్త పాట కట్టినా ముందు ఈమె దగ్గరికే పరిగెత్తుకొస్తాడు. ఈమె ఊఁ అంటే వాడికి పేరు, ఉహూఁ అంటే వాడు మళ్లీ గ్యాస్ బండ భుజానికెత్తుకోవాల్సిందే.

డ్రైవరుని స్టూడియో పక్కనున్న చిన్న గదిలోకి తీసుకెళ్లింది. వచ్చిన పాటలు వినడానికని కట్టిన గది అది. గోడల నిండా బూడిదరంగు స్పాంజి అట్టలు, ఒక బల్ల, దాని మీద స్టూడియోతో మాట్లాడే మైకు, రెండు స్పీకర్లు, రెండు చక్రాల కుర్చీలు, అందులో ఒకటి కుంటిది. గోడకి పెద్ద అద్దం, అద్దం అవతల స్టూడియో. అక్కడ మీటరు తల వంచుకుని వైర్లు సర్దుతున్నాడు. మీటరంటే సౌండు ఇంజనీరు. సగం జీవితం మీటరులో ఊగే ముల్లుని చూస్తూ గడిపేసినందుకు ఆ పేరు స్థిరపడిపోయింది. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయేమోనన్నట్టు ఉంటాడు.

"కూర్చోండి," అంది సూది.

"వద్దమ్మా. పొద్దస్తమానం కూర్చునే ఉద్యోగమే నాది."

ఖాకీ చొక్కా, జేబు మీద డిపో బిళ్ల, చేతిలో టోపీ. ఆ టోపీని స్టీరింగులాగా రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. ఇంకాసేపట్లో డ్యూటీ ఉన్నట్టుంది, మాటిమాటికీ గోడగడియారం చూస్తున్నాడు.

సూది ఇలాంటి సందర్భాలకి నాలుగు మాటలు సిద్ధంగా ఉంచుకుంది. బొంగురు పోయిన దగ్గర్నుంచి విలేకరులకి చెప్పీ చెప్పీ అవి అరిగిపోయాయి. "మీ అబ్బాయిది చాలా గొప్ప..."

"తెలుసమ్మా," అన్నాడు డ్రైవరు మెల్లిగా. "ఆలస్యంగా తెలిసింది."

ఆ తర్వాత ఆయన చెప్పాల్సింది చెప్పాడు. కొడుక్కి డిపో వర్క్‌షాపులో ఉద్యోగం వేయించాడట. వాడు దాన్ని కాలదన్ని పాటలంటూ తిరిగాడట. "ఒకరోజు కోపంలో అన్నాను. ఈ గొంతుతో పాటలేంట్రా, ఈ గుమ్మంలో నీ గొంతు వినిపించకూడదని. మొండివాడు. వినిపించలేదు. బట్టలు సర్దుకుని వెళ్లిపోయాడు. వాళ్లమ్మ ఉండి ఉంటే సర్దిచెప్పేదేమో. ఇద్దరం మగాళ్లం, ఎదుటివాడే ముందు మాట్లాడాలని కూర్చున్నాం."

సూది తలాడించింది.

"బస్సులో రేడియో ఉంటుంది కదమ్మా. వాడు పోయిన కొత్తల్లో కట్టేసేవాణ్ణి. జనం ఊరుకుంటారా? 'అన్నా, ఆ పాట వచ్చే టైమైంది, పెట్టన్నా' అని ఒకటే గోల. వాళ్లకేం తెలుసు, పాడినవాడు నా కొడుకని? పెట్టాను. ముందు గొంతు పోల్చుకోలేదు. ఇంట్లో వాడు అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. గుమ్మంలోకి రావొద్దన్నానా, బస్సులోకొచ్చి కూర్చున్నాడు. ప్రతి స్టాపులోనూ వాడే."

టోపీ చేతిలో అరచుట్టు తిరిగింది. తర్వాత, పాఠం అప్పజెప్పే పిల్లాడిలా, రాగం లేకుండా, దరువు లేకుండా, ఆయన ఆ పాట చివరి చరణం చదివాడు.

"ఊరంతా విన్నది, ఇల్లొకటి వినలేదు. ఊరికి చెప్పనిది ఇంటికని దాచాను. దరువు ఆపండి, జనం జరగండి. ఇది ఒక్కరి కోసం, ఆయనకి దారివ్వండి."

చదివి ఆగాడు.

"ఇక్కడ దరువు ఆగిపోతుందమ్మా. తర్వాత మీ కేక వస్తుంది. సూది దిగింది, సూది దిగింది అని. బస్సులో అందరూ మీతో కలిసి అరుస్తారు. ముసలాళ్లు కూడా. అది అయ్యేసరికి పాట అయిపోతుంది." కాస్త దగ్గరికొచ్చాడు. "మీ కేక కింద మావాడి గొంతుంది. డిపోలో ఇంజను ఆపేసి, స్పీకరుకి చెవి ఆనించి విన్నాను. ఏదో అంటున్నాడు, తెలియడం లేదు. ఆ ఒక్కరూ నేనే కదమ్మా? మీ దగ్గరికే కదా ముందు తెచ్చింది, మీరు విన్నారు కదా? నా గురించి ఏమన్నాడు?"

సూది చూపు అద్దం అవతలి మీటరు వైపు పోయింది.

ఈ వృత్తిలో ఒక ఆచారం ఉంది. కొత్త పాట ముందుగా ఎవరి చేతికొస్తే వాళ్లు దాని మీద తమ కేక ఎక్కిస్తారు. లేకపోతే పక్క స్టేషను వాళ్లు గాలిలోంచి పట్టుకుని తమదేనన్నట్టు వేసేసుకుంటారు. ఆ కేకని ముద్ర అంటారు. ముద్ర పడిన పాట జోలికి ఇంకో డీజే రాకూడదు. వేసినవాళ్లు నోరారా "ముద్ర ఎత్తేశాను" అనేదాకా అంతే. ఇంతవరకూ ఎవరూ అలా అన్న పాపాన పోలేదు. ఆ ముద్రని ఎక్కడ వెయ్యాలో కూడా ఒక లెక్కుంది. అనామకమైన చోట వేస్తే దొంగ దాన్ని కత్తిరించి పారేస్తాడు. అందుకని పాటకి ఆయువుపట్టు ఎక్కడుందో సరిగ్గా అక్కడే దించుతారు. అంటే ఏ మాట కోసం పాట పుట్టిందో ఆ మాట మీద. బాగా ఆలోచిస్తే ఇది కంచే చేను మేయడం. కానీ ఈ పనిలో ఉన్నవాళ్లెవరూ బాగా ఆలోచించరు, వాళ్లకి సాయంత్రం షో ఉంటుంది.

బొంగురు పాట పట్టుకొచ్చిన రోజు సూదికి బాగా గుర్తు. తడిసిన చొక్కాతో గుమ్మంలో నిలబడ్డాడు. "అక్కా, మిగతాది నీ ఇష్టం, చివరి నాలుగు లైన్లు మాత్రం విను. విన్నాక ముద్ర ఎక్కడైనా వేసుకో," అన్నాడు. ఆమె చెవి దగ్గర ఫోను ఉంది, ఫోనులో మేనేజరు షో మూసేస్తున్న సంగతి చెబుతున్నాడు. ఆఁ ఆఁ, వింటాలే అని చేత్తో సైగ చేసింది. వినలేదు. తెర మీద పాట గీతల గుట్టలాగా పరుచుకుని ఉంటే కంటితో వెతికింది. చివర్లో గుట్ట తెగిపోయి సన్నటి గీత మిగిలిన చోటు కనిపించింది. దరువు ఆగిందంటే ఆయువుపట్టు అక్కడే. "మీటరన్నా, ఇక్కడ దించెయ్," అంది. అయిపోయింది.

సూదికి తెలిసినంతలో, ముద్ర పడని అసలు పాట ఇంకెక్కడా లేదు. బొంగురు ఇచ్చిన పెన్‌డ్రైవు చెరిపి ఇంకో పాటకి వాడేశారు, స్టేషన్లో అది మామూలే. వాడి ఫోను లారీ చక్రం కింద నుగ్గయింది. వాడు అద్దెకి తీసుకునే రికార్డింగు గదిలో పాతవి ఉంచరు. వాడు పోయాక ఈ సంగతి ఆమె మనసులో ముల్లులా కదిలిన మాట నిజం. కానీ షో నిలబడింది, చప్పట్లు వచ్చాయి, ముల్లు మీద చర్మం మూసుకుంది.

ఇప్పుడేం చెప్పాలి? వినలేదని చెప్పాలి. అంతే కదా, రెండు ముక్కలు. చెప్పడానికే నోరు తెరిచింది. కానీ ఎదురుగా ఉన్న మొహం చూసింది. ఆయన కళ్లలో భయముంది. తిడితే తిట్టనీ, ఏదో ఒకటి తెలిస్తే చాలన్న ఆత్రమూ ఉంది. సూదికి బొంగురు ప్రాస కొట్టే తీరు కొట్టినపిండి. వాడు లైను మొదలెడితే ఈమె పూర్తి చెయ్యగలదు, ఎన్నోసార్లు చేసింది కూడా. ఆ విద్య ఇవాళ అడక్కుండానే ముందుకొచ్చింది.

"విన్నానండీ," అంది. "నాన్నా, నీ కోపం నీదీ, నా పాట నాదీ. గుమ్మం తెరిస్తే గొంతొకటే మనదీ... అన్నాడు."

డ్రైవరు కుంటి కుర్చీలో కూలబడ్డాడు. కుర్చీ ఒక పక్కకి ఒరిగింది. ఆయన పట్టించుకోలేదు.

"ఇంకోసారి చెప్పమ్మా."

చెప్పింది. రెండోసారి ఇంకా బాగా చెప్పింది, అదే ఆమె ఖర్మ. ఆయన పెదాలు ఆ మాటల్ని చప్పుడు లేకుండా పలికి చూసుకున్నాయి. కళ్లు తుడుచుకున్నాడు. సూదికి ఒక్క క్షణం తాను మంచిపనే చేశాననిపించింది. ఆ నీళ్లు అబద్ధం వల్ల వచ్చినవైతేనేం, మనిషి తేలిగ్గా ఇంటికెళ్తాడు, అబద్ధానికి అంతకన్నా ఏం కావాలి అనుకుంది.

"చాలా బాగుందమ్మా," అన్నాడు డ్రైవరు చివరికి. "నాకు ఇలాంటివి తెలియవు గానీ, బాగుంది. కానీ ఇది మావాడిది కాదు."

"అదేంటండీ..."

"వాడు నన్నెప్పుడూ నాన్నా అని పిలవలేదు."

అద్దం అవతల మీటరు చెయ్యి వైరు మీద ఆగింది.

"పిల్లాడప్పుడు బడి అయ్యాక వాణ్ణి బస్సులోనే నా పక్కన కూర్చోబెట్టుకునేవాణ్ణి. ఆఖరి ట్రిప్పులో మా వీధి స్టాపు రాగానే లేచి నిలబడి, పెద్దమనిషిలాగా, 'డ్రైవరుగారూ, దిగాలి!' అని అరిచేవాడు. బస్సంతా నవ్వేది. అదే అలవాటైపోయింది. ఇంట్లోనూ అంతే. డ్రైవరుగారూ అన్నం పెట్టుకోండి, డ్రైవరుగారూ ఫీజు కట్టాలి. వాళ్లమ్మ నెత్తిన మొట్టికాయ వేసేది, అయినా మానలేదు. జ్వరం వచ్చి మూలిగినా డ్రైవరుగారూ అనే మూలిగాడు. ఇల్లు వదిలి వెళ్లేటప్పుడు కూడా, 'వస్తాను డ్రైవరుగారూ' అన్నాడు. చనిపోయేముందు నాతో ఒక్క మాటే మాట్లాడాలనుకుంటే, పేరు మార్చి పిలుస్తాడా?"

సూదికి ఏమనాలో ప్రాస కుదరలేదు.

"ఎందుకమ్మా అబద్ధం? నేను ఓదార్చమని రాలేదే. తిట్టాడంటే తిట్టాడని చెప్పండి, పడతాను."

"నేను వినలేదండీ."

"ఏంటి?"

"వినలేదు. వాడు వినమని మరీ మరీ చెప్పాడు. నేను ఫోనులో ఉన్నాను. తెర మీద చూసి వేసేశాను. దరువు ఆగాక వచ్చే ఆ నాలుగు లైన్లలో ఏముందో నాకూ తెలియదు." ఇంకేదో కలపబోయి ఆగింది. కలిపితే అది మళ్లీ సంజాయిషీ అవుతుంది.

డ్రైవరు లేచాడు. అరుస్తాడనుకుంది, అరిస్తే బాగుండుననుకుంది.

"వినకుండానే దాని మీద మీ పేరు వేసుకున్నారా?" అన్నాడు. గొంతు పెరగలేదు. "నేను వాణ్ణి ఇంట్లో నోరు మూయించానమ్మా. ఆ పాపం నాది, కాదనను. నేను మూయిస్తే మీ దగ్గరికొచ్చాడు. మీరూ మూయిస్తే వాడెక్కడికెళ్లాలి?"

టోపీ పెట్టుకున్నాడు. డ్యూటీకి టైమైందని, వస్తానని, అలవాటుగా మర్యాదగానే చెప్పి వెళ్లిపోయాడు. అది స్పాంజి కొట్టిన తలుపు. మూసుకున్నా చప్పుడు రాదు.

సూది ఆ గదిలోనే నిలబడిపోయింది. సిగ్గంటే ఏమిటో ఆమెకి తెలియనిది కాదు, స్టేజీ మీద పాట తప్పినప్పుడు, పెళ్లి విడిపోయినప్పుడు చవిచూసింది. ఇది ఇంకోరకం. కాసేపటికి తలుపు తీసుకుని మీటరు లోపలికొచ్చాడు. వచ్చినవాడు బల్ల వంక, స్పీకరు వంక, నేల వంక చూశాడు గానీ ఆమె వంక చూడలేదు. తేలు కుట్టిన దొంగలా ఉన్నాడు.

"మైకు తెరిచే ఉందమ్మాయ్. మొత్తం విన్నాను."

"విన్నావుగా, నా మొహాన ఉమ్మెయ్."

"పాట ఉంది."

సూది తలెత్తింది.

"కత్తెర దగ్గరుంది."

కత్తెర మన సీరియల్లోకి వచ్చి చాలా వారాలైంది కాబట్టి గుర్తు చెయ్యాలి. సూది, కత్తెర ఒకప్పుడు జంట. ఫంక్షన్ హాళ్లలో ఒకే బల్ల మీద చెరో రికార్డూ తిప్పేవాళ్లు, తర్వాత ఒకే ఇంట్లో కాపురం చేశారు, తర్వాత ఒకే స్టేషన్లో కొట్టుకున్నారు. ఇప్పుడు కత్తెర పక్క స్టేషన్లో, సరిగ్గా సూది షో వచ్చే వేళకే, ఆమెకి పోటీగా షో చేస్తాడు. విడిపోయాక ఇద్దరికీ మాటల్లేవు.

"పాట రేడియోలో మొదటిసారి వచ్చిన సాయంత్రమే బొంగురు నాకు ఫోను చేశాడు," అన్నాడు మీటరు. ఆయన ఒక్కసారిగా ఇన్ని మాటలు మాట్లాడటం సూది ఎప్పుడూ చూడలేదు. "'అన్నా, అక్క వినలేదు. ముద్ర పడిన చోటు చూస్తేనే తెలిసిపోయింది. తనని ఏమీ అనకు, పాపం షో పోతోందని కంగారులో ఉంది. కానీ వినేవాళ్లు ఒక్కరైనా ఉండాలి కదన్నా' అన్నాడు. వెళ్లి కత్తెరకి ఒక కాపీ ఇచ్చాడు. వెయ్యొద్దు, విను చాలు అన్నాడట. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. అక్క చిన్నబుచ్చుకుంటుందని."

ముందు సూదికి వచ్చింది కోపం, దాచడమెందుకు. ఒక పాట ఇద్దరు డీజేలకి ఇవ్వడమంటే ఈ వృత్తిలో ద్రోహం. అందులోనూ కత్తెరకా! ఆ కోపం ఎంతోసేపు నిలబడలేదు. అక్క చిన్నబుచ్చుకుంటుందని. వాడు ఆమె మనసు చూసుకున్నాడు, ఆమె వాడి నాలుగు లైన్లు చూసుకోలేదు. బల్ల అంచు పట్టుకుని కాసేపు ఏడ్చింది. స్పాంజి గోడలు ఆ ఏడుపుని కూడా మింగేశాయి.

తర్వాత ఫోను తీసింది. కత్తెర ఫోను కట్టేసి ఉంది. షోకి కూర్చునే ముందు అతను ఫోను కట్టేస్తాడు. ఆ అలవాటు నేర్పింది ఈమే.

"నీ టైము కూడా అయింది," అన్నాడు మీటరు. "రేపు అడుగుదాంలే."

"ఆయన ఇవాళ్టి ట్రిప్పు ఎలా నడుపుతాడన్నా? మొదటి పాటగా అదే వెయ్యమని మేనేజరు రాసిచ్చాడు. బస్సంతా మళ్లీ అరుస్తుంది. ఈసారి ఆయనకి తెలుసు, నేను వినకుండా అరిచానని."

స్టూడియోలోకి వెళ్లి కూర్చుంది. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుంది. అద్దం అవతల మేనేజరు, ఆయన వెంట ప్రకటనలిచ్చే కంపెనీ మనుషులు ముగ్గురు, తలా ఒక కేకు ముక్కా పట్టుకుని నిలబడ్డారు. మొదటి స్థానంలో ఉన్న మనిషి ఎలా ఉంటుందో చూడటానికొచ్చారు. స్టూడియో కిటికీ గూట్లో ఒక బుల్లి రేడియో ఎప్పుడూ మోగుతూ ఉంటుంది, వినీ వినబడనట్టు. అందులో వచ్చేది కత్తెర స్టేషను. అవతల కత్తెర గదిలోనూ అలాంటిదే ఒకటుందని, అందులో ఈమె షో వస్తుందని సూదికి తెలుసు. ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోరు గానీ, ఒక చెవి ఎప్పుడూ అటే.

అంటే కత్తెరతో మాట్లాడటానికి ఒక దారి ఉంది. కాకపోతే ఊరంతా వింటుంది.

ఎర్ర దీపం వెలిగింది. రోజూ వేసే కేక వెయ్యలేదు. మీటరు కళ్లతోనే ఏమైందన్నట్టు అడిగాడు.

"నేను సూదిని," అంది. మామూలు గొంతుతో, ఇంట్లో మాట్లాడినట్టు. "మీరంతా బొంగురు పాట కోసం చూస్తున్నారు. వెయ్యను. చివర్లో దరువు ఆగుతుందే, అక్కడ మీరందరూ నాతో కలిసి అరుస్తారు. అక్కడ అరవాల్సింది నేను కాదు, మీరు కాదు. అక్కడ వాడు ఒక మనిషితో మాట్లాడుతున్నాడు. అది వినకుండా దాని మీద నా పేరు వేసుకున్నాను. వినమని వాడు అడిగినా వినలేదు. తప్పు చేశాను."

అద్దం అవతల మేనేజరు నవ్వు మొహం మీదే గడ్డకట్టింది.

"కత్తెరా, వింటున్నావని తెలుసు. నీ దగ్గర ముద్ర లేని పాట ఉంది. ఊరంతా వినగా చెబుతున్నాను, ముద్ర ఎత్తేశాను. అది నాది కాదు, నీదీ కాదు. నామీద ఎంత కోపమున్నా సరే, ఇప్పుడే వెయ్యి. ఈ ఊళ్లో ఒక డ్రైవరుగారు బస్సు నడుపుతున్నారు, ఆయన కోసం." ఊపిరి తీసుకుంది. "వినేవాళ్లందరికీ ఒక మాట. స్టేషను మార్చుకోండి. పక్కకి తిప్పండి. ఇక్కడ ఇంకేమీ రాదు."

తన మైకు మీట కిందికి దించేసింది.

రేడియోలో నిశ్శబ్దానికి మించిన పాపం లేదు. బూతు మాట దొర్లితే క్షమిస్తారు, తప్పు పాట పడితే నవ్వేస్తారు, చప్పుడు ఆగిపోతే ఉద్యోగం ఊడుతుంది. మేనేజరు అద్దం మీద రెండు అరచేతులతో బాదుతున్నాడు. నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది, మాట మాత్రం ఇవతలికి రావడం లేదు. తలుపు వైపు పరిగెత్తాడు. మీటరు లేచి వెళ్లి లోపలి గడియ పెట్టి, తిరిగొచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. పెన్షనుకి దగ్గరపడిన మనిషి, ఏమనుకుని పెట్టాడో ఆయనకే తెలియాలి.

సూది కిటికీ గూట్లోని బుల్లి రేడియో గొంతు పెంచింది. పరుపుల ప్రకటన వస్తోంది. మెత్తటి పరుపులు, హాయైన నిద్ర. ఆ తర్వాత సబ్బు. ఆ తర్వాత ఏదో పాట మొదలైంది, మామూలు పాట. సూది కళ్లు మూసుకుంది. వెయ్యడు. ఎందుకు వేస్తాడు? తానే అయితే వేసేదా?

పాట మధ్యలో ఠక్కున ఆగింది.

"సూదీ," అంది కత్తెర గొంతు. ఆ గొంతు ఆమె పేరు పలికి ఎన్నాళ్లయిందో. "నేను విన్నాను. వాడు పోయినప్పట్నుంచి రోజూ వింటున్నాను. నువ్వు ఎత్తేస్తావని మాత్రం అనుకోలేదు." దరువు మొదలైంది.

ఇక్కడ మనం స్టూడియో వదిలి బస్సెక్కాలి.

అది ఆఫీసులు వదిలే వేళ. బస్సులో కాలు పెట్టే సందు లేదు. సూది మాట్లాడినంతసేపూ డ్రైవరు రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "డ్రైవరుగారు" అన్న మాట దగ్గర మాత్రం స్టీరింగు మీద చేతులు బిగిశాయి. తర్వాత రేడియో మూగబోయింది. "స్టేషను మార్చన్నా!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. ఆయన చెయ్యి రేడియో దాకా వెళ్లి స్టీరింగు మీదికి తిరిగొచ్చింది. కండక్టరు జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చి తనే తిప్పాడు. డ్రైవరు మొహం చూశాక అక్కడే కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

పాట వచ్చింది. అదే గొంతు, అదే దరువు. మొదటి చరణం, రెండో చరణం. జనం తలలూపుతున్నారు. ఊరంతా విన్నది, ఇల్లొకటి వినలేదు. దరువు ఆపండి, జనం జరగండి. ఇది ఒక్కరి కోసం, ఆయనకి దారివ్వండి.

దరువు ఆగింది. వెనక సీట్లో ఒకాయన అలవాటుగా "సూది..." అని ఎత్తుకున్నాడు. పక్కనున్నామె ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"డ్రైవరుగారూ," అంది ఆ బొంగురు గొంతు, దరువు లేకుండా, పక్కసీట్లోంచి పిలిచినట్టు. "దిగాలి."

కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళ్లింది. అది స్టాపు కాదు, సిగ్నలు కాదు, నడిరోడ్డు. నిలబడ్డవాళ్లంతా ఒకళ్ల మీద ఒకళ్లు పడ్డారు. వెనక హారన్లు మొదలయ్యాయి. ఆయన చెయ్యి తలుపు మీట లాగింది. తలుపు తెరుచుకుంది. ఎవరూ దిగలేదు.

ఎవరూ కిక్కురుమనలేదు కూడా. ఆ చివరి నాలుగు లైన్లలో అది మొదటిది. రెండో దానికోసం బొంగురు ఊపిరి పీల్చుకున్న చప్పుడు స్పీకర్లో స్పష్టంగా వినిపించింది.